గుర్రం చేపలకు వేరు కాపురం

మొన్న నిజామాబాద్‌లో చేపల ఎగ్జిబిషన్ పెడితే మా మనవరాలు హారిక నన్ను వెంటబెట్టుకొని పోయింది. రేకుల షెడ్డు లోపల అద్దాల సొరంగం కట్టారు. తలమీద నుంచి చేపలు పోతుంటే జనమంతా అక్కడే నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేను మాత్రం వెనక వరుసలో ఉన్న చిన్న తొట్ల దగ్గర ఆగిపోయాను. ఒక్కో తొట్టికి ఒక్కో బోర్డు ఉంది. నేను అక్షరాలు కూడబలుక్కొని చదివేదాన్ని, అందుకే ఒక్కో బోర్డుకూ చాలాసేపు పట్టింది. ఒక తొట్టిలో నీళ్లు కాలువలా ఉరుకుతున్నాయి. దాని పక్కదానిలో గిన్నెలో పోసిపెట్టినట్టు నిలబడి ఉన్నాయి. ఒకదానికి తెల్లారినట్టు వెలుగు, ఇంకొకదానికి మసక. ఒక చేప ఇసుకలో దూరి నిద్రపోతుంది కాబట్టి దానికి మెత్తటి ఇసుక పరిచారట. ఇంకొకటి రాళ్లకు పట్టిన పాచి గీక్కొని తింటుంది కాబట్టి దానికి రాళ్లు పేర్చారట. ఇన్ని రకాల నీళ్లు ఉంటాయని తెలియక ఒకప్పుడు మేము అన్నింటినీ ఒకే తొట్టిలో పడేసి బతకమన్నాం.

ఆ తొట్లు చూసుకునే మనిషి ముప్పై ఏళ్లవాడు. నేను అంతసేపు నిలబడటం చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏం కావాలె అమ్మమ్మా?"

"గుర్రం చేప పెట్టలేదా బిడ్డా?"

"గుర్రం చేప పెట్టరాదు. సముద్రంల తగ్గిపోయినయంట, పట్టుకుంటే కేసైతది. నీకెట్ల తెలుసు గుర్రం చేప?"

"మేము సాదినం. పిల్లల్ని గూడ పెట్టింది."

అతను నావైపు తిరిగి నిలబడ్డాడు. "పిల్లలకు ఏమేసిండ్రు? వాటికి కంటికి కనబడని రొయ్య పిల్లల్ని గుడ్లకెళ్లి పొదిగి ఎయ్యాలె. గప్పట్ల యాడ దొరికినయి?"

"దొరకలేదు. కోడిగుడ్డు పచ్చసొన ఉడకబెట్టి, బట్టల వడగట్టి పోసిన."

అతను నవ్వాడు. ఎగతాళిగా కాదు, చిన్నపిల్ల మాట విన్నట్టు నవ్వాడు. "ఇంకేముంది అమ్మమ్మా. నీళ్లు కుళ్లిపోయి ఒక్క పూటల అన్నీ సచ్చిపోయి ఉంటయి."

అన్నీ అలాగే చచ్చిపోయాయి. ఒక్క పూటలోనే. ఇన్నేళ్లుగా నాకు అనుమానంగా ఉన్నదాన్ని అతను రెండు ముక్కల్లో తేల్చేశాడు. హారిక సొరంగంలోకి పోదాం రమ్మని చెయ్యి గుంజింది. నేను ఆ చిన్న తొట్ల దగ్గరే ఉండిపోయాను.

మాది బోధన్ దగ్గర చెరుకు ఊరు. చలికాలం వచ్చిందంటే బండ్లు, ట్రాక్టర్లు వరసకట్టి ఫ్యాక్టరీకి పోయేవి. గాలిలో ఎప్పుడూ ఒక మాగిన తీపి వాసన ఉండేది. బయటివాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు కానీ మాకు అది తెలిసేది కాదు. మా ఆయన పోశెట్టి ఫ్యాక్టరీలో చెరుకు రసం మరిగించే కళాయిల దగ్గర సీజన్ పని చేసేవాడు. ఇంటికి వస్తే ఆయన అంగీ గంజి పెట్టినట్టు బిరుసుగా ఉండేది, చీమలు పట్టకుండా దాన్ని తీగెమీద ఆరేసేవాళ్లం. మా అత్త ఆ అంగీని నీళ్లలో జాడించి ఆ నీళ్లు బర్రెకు తాపేది. ఏదీ పారేసే మనిషి కాదు. ఆమెకు ఉప్పుతో ఒక పట్టింపు ఉండేది. ఉప్పు చేతిలోంచి చేతిలోకి ఇయ్యకూడదు, కింద పెడితే తీసుకోవాలి, లేకపోతే ఇద్దరికీ పడదు అనేది. ఆమె పోయినా ఆ పట్టింపు నా చేతులకు అంటుకొని ఉండిపోయింది.

సీజన్లు పొట్టిగా అవుతూ వచ్చాయి. ఒక ఏడు పోశెట్టిని పిలవనే లేదు. మా బిడ్డ సుజాతను ఎత్తుకొని మేము నిజామాబాద్ వచ్చేశాం. నేను ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టేదాన్ని. తునికాకు తడిపిన గోనెసంచి వాసన, తంబాకు ఘాటు, దగ్గు. చాటలో ఆకు కత్తిరిస్తూ ఉంటే వేళ్లు మొద్దుబారేవి. తర్వాత ఖలీల్‌వాడిలో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గర ఊడ్చి తుడిచే పని దొరికింది. పోశెట్టికి ఏ పనీ కుదరలేదు, హమాలీకి పోతే నడుము పట్టేసింది. ఆయన ఇంట్లో ఉండి వంట చేసేవాడు, సుజాతకు జడలు వేసి బడికి పంపేవాడు, మధ్యాహ్నం నాకు టిఫిన్ డబ్బా తెచ్చేవాడు. వాడకట్టులో ఆడవాళ్లు పోశెట్టక్క అని పిలిచేవాళ్లు. ఆయన నవ్వి "ఏం చెల్లే, కూరేం చేసినవ్?" అని వాళ్లనే అడిగేవాడు. లోపల ఏముండేదో నాకు చెప్పలేదు. మేము ముగ్గురం నా ఒక్క పని మీద బతుకుతున్నామని మాత్రం ఇద్దరికీ ప్రతి పూటా తెలుసు.

డాక్టరమ్మది బందరు. సముద్రం పక్కన పుట్టిన మనిషి, ఇక్కడికి వచ్చి పడ్డది. హాల్లో గోడ పొడుగునా ఒక అద్దాల తొట్టి పెట్టించింది. సూది అంటే ఏడ్చే పిల్లలు దాన్ని చూసి ఊరుకుంటారని చెప్పేది గానీ, పేషెంట్లు లేనప్పుడు ఆమే స్టూల్ వేసుకొని దాని ముందర కూర్చునేది. ఉప్పునీళ్ల చేపలు, సంచుల్లో ఉప్పు, అన్నీ హైదరాబాద్ నుంచి సలీం అనే అతను నెలకోసారి తెచ్చేవాడు. మొదటిసారి ఉప్పు సంచి నా చేతికి ఇయ్యబోతే నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

"ఏమైందక్కా, బరువా?"

"కింద పెట్టు భాయ్. ఉప్పు చేతికియ్యద్దు."

"కింద పెడితే నువ్వే వంగి లేపాలె గదా."

"లేపుత తీయ్."

అప్పటి నుంచి అతను సంచి కింద పెట్టి, "తీస్కో, మన దోస్తీ సలామత్, చెడదు" అనేవాడు.

తొట్టిలో నాలుగు రకాలు ఉండేవి. నారింజ రంగుకు తెల్ల పట్టీలున్నవి ఒక జత. అవి ఏది వేసినా తిని ఎప్పుడూ కొట్లాడుకునేవి. పళ్లెమంత నీలం చేప ఒకటి, పొద్దంతా ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికేది, దానికి పాలకూర దారంతో కట్టి వేలాడదియ్యాలి. ఇసుకలో ముఖం పెట్టి జల్లెడ పట్టే తెల్ల చేప ఒకటి. ఇక గుర్రం తలలాంటి తల ఉన్న గుర్రం చేపలు రెండు. అవి ప్లాస్టిక్ కొమ్మకు తోక చుట్టుకొని నిలబడి ఉండేవి. బతికున్నది ముందర నుంచి పోతేనే తింటాయి, అది కూడా నోటి దగ్గరికి నెమ్మదిగా రావాలి. వాటికోసం పోశెట్టి వాడకట్టులో నీళ్ల తొట్లలో దోమ పురుగులు పట్టి సీసాలో తెచ్చేవాడు. మున్సిపాలిటీవాళ్లు మందు కొట్టడానికి వస్తే "మా తొట్టి మాత్రం ఇడిచిపెట్టుండ్రి" అని బతిమాలిన మనిషి ఊరు మొత్తం మీద ఆయనొక్కడే అయ్యుంటాడు.

నాకు ఏదీ అర్థమయ్యేది కాదు. ఉప్పు ఒకటే, నీళ్లు ఒకటే, మరి తిండి ఒకటి ఎందుకు కాదు? నీలం చేపకు నీళ్లు ఎంత కదిలితే అంత హుషారు. అదే నీళ్లలో గుర్రం చేప తూలిపోయేది. అడిగితే డాక్టరమ్మ నవ్వింది. "ఆరు నెలల పిల్లకీ ఆరేళ్ల పిల్లాడికీ ఒకటే మందు రాస్తానా లక్ష్మీ?" మరి అలాంటప్పుడు ఆరు నెలల పిల్లనూ ఆరేళ్లవాణ్ణీ ఒకే ఉయ్యాలలో ఎందుకు పడుకోబెట్టింది అనుకున్నాను గానీ అడగలేదు.

మొదట్లో నీళ్లు శుభ్రం చెయ్యడానికి ఇసుక కింద ఒక చిల్లుల పలక, దానికి గాలి పైపు, బుడబుడమని బుడగలు, అంతే. సలీం ఒకసారి కొత్త మెషిన్ తెచ్చాడు. అది నీళ్లను గుంజి నురుగు చేసి మురికిని పైన గిన్నెలోకి తోస్తుంది. దాంతోపాటు నీళ్లను గట్టిగా తిప్పే మోటరు. "ఇంగ్లాండ్ల అందరు ఇదే పెడుతుండ్రమ్మా. నీలం మచ్చీ పదేండ్లు బతుకుతది" అన్నాడు. నిజమే, వారం తిరిగేసరికి నీలం చేప రంగు తేలింది, నీళ్లు అద్దంలా అయ్యాయి. గుర్రం చేపలు మాత్రం కొమ్మను ఇంకా గట్టిగా చుట్టుకున్నాయి. దోమ పురుగులు వాటి నోటి ముందర నుంచి బస్సు కిటికీలోంచి చెట్లు పోయినట్టు పోయేవి. నేను తిండి పెట్టేటప్పుడు మోటరు ఆపి, తిన్నాక వేసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక గుర్రం చేపకు పొట్ట వచ్చింది. పాలపిట్ట గుడ్డు మింగినట్టు ముందుకు పొడుచుకొచ్చింది. నందిపేట్ నుంచి మనవణ్ణి తెచ్చిన ఒక అవ్వ చూసి, "నెలలు నిండినయే పాపం, పురిటికి తోలియ్యరాదుండ్రి" అన్నది. హాలంతా నవ్వింది. ఆ నెల వచ్చిన సలీం మాత్రం, "పొట్టున్నది ఆడది కాదు, మగది. ఆడది గుడ్లు దాని సంచిల వెట్టి పోతది. మోసేది, కనేది మగదే" అన్నాడు.

"మగానికి కడుపా?" అన్నది అవ్వ. "గిదేం కలికాలం భాయ్."

"కాలం గాదవ్వా, అల్లా పుట్టించినకాడికెళ్లి గంతే."

డాక్టరమ్మ లోపలికి పోయి లావు పుస్తకం తిరగేసి వచ్చి, నిజమే అన్నది. ఆ మాట పోశెట్టికి చెప్తే ఆయన ఆ మధ్యాహ్నం డబ్బా పట్టుకొని లోపలికే వచ్చాడు. ఎప్పుడూ గేటు దాటి రాని మనిషి. తొట్టి ముందర చాలాసేపు నిలబడ్డాడు.

"ఎన్నో నెలంట?" అన్నాడు.

"నాకేం తెలుసు."

"పాపం, దీని వాడకట్టోళ్లు ఏమని పిలుస్తరో."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి దోమ పురుగులు రెండు సీసాలు తెచ్చేవాడు.

అప్పుడే బందరులో డాక్టరమ్మ నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆమె పది రోజులు దవాఖానా మూసి పోవాలి. పోయేముందు నన్ను పిలిచి స్టూల్ మీద కూర్చోమన్నది. నేను కొసకు కూర్చున్నాను.

"చూడు లక్ష్మీ, దాచకుండా చెప్తున్నాను. టెన్త్ పాసైన అమ్మాయి ఒకతె వస్తానంది. చీటీలు చదువుతుంది, మందులు తీసిస్తుంది. నీకు చదువు రాదు. ఇద్దర్ని పెట్టుకోలేను. నేను తిరిగొచ్చాక ఆలోచిస్తాను. ఈ పది రోజులు చేపలు నీ చేతిలో పెడుతున్నా. ఆ పిల్లలు బతికితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు."

పిల్లలు బతికితే నీ పని నిలుస్తుంది అని ఆమె అనలేదు. నేను మాత్రం అలాగే విన్నాను. ఇప్పటికీ ఆ మాటల్లో ఆ అర్థం ఉందో లేదో తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి తప్పు మొదటి రోజే చేశాను. తొట్టిలో నీళ్లు రోజుకు రెండు వేళ్లు తగ్గుతాయి. పక్క డ్రమ్ములో ఉప్పు కలిపిన నీళ్లున్నాయి, బకెట్లో మంచినీళ్లున్నాయి. అంతకుముందు డాక్టరమ్మే పోసేది, ఏది పోసేదో నేను చూడలేదు. సముద్రం తగ్గింది కాబట్టి సముద్రమే పొయ్యాలి అనుకొని రోజూ ఉప్పునీళ్లు పోశాను. తొట్టిలో ఉప్పు చూడటానికి ఒక గాజు గొట్టం తేలుతూ ఉండేది. అది రోజురోజుకు పైకి లేచింది. మా ఊరి పాలకేంద్రంలో పాలల్లో అలాంటి గొట్టమే వేసేవాళ్లు. గొట్టం పైకి తేలితే చిక్కటి పాలు, మునిగితే నీళ్లు కలిపినట్టు. నా గొట్టం నిటారుగా లేచి నిలబడితే నాకు గర్వమనిపించింది. మంచిగ చూసుకుంటున్నానని అదే చెప్తున్నది అనుకున్నాను.

నాలుగోరోజు గుర్రం చేపలు రెండూ నోరు తెరిచి వేగంగా ఊపిరి తీస్తున్నాయి. తెల్ల చేప ఇసుకలోంచి బయటికి రాలేదు. పోశెట్టి డబ్బా పెట్టి తొట్టి చూశాడు, డ్రమ్ము చూశాడు.

"తగ్గినకాడికి ఏం పోస్తున్నవ్?"

"ఉప్పునీళ్లు."

"రోజూ?"

"రోజూ. ఏం, తప్పా?"

ఆయన తల కొట్టుకున్నాడు. "కళాయిల రసం మరుగుతది, ఆవిరి పోతది, కిందేం మిగుల్తది? చక్కెర మిగుల్తది. మళ్ల రసమే పోసుకుంట పోతే పాకం ముదిరి గడ్డగడ్తది. నువ్వు చేపలకు పాకం వెడుతున్నవే."

"నీళ్లతోని ఉప్పు గూడ పోదా?"

"ఉప్పు యాడికి పోతది? దానికి కాళ్లున్నయా?"

బకెట్ ఎత్తి ఒక్కసారే పొయ్యబోతే ఆయన పట్టుకున్నాడు. కళాయిలో ఒక్కసారి చల్లనీళ్లు పోస్తే పాకం విరిగిపోతుంది, గ్లాసు గ్లాసు పొయ్యాలి అన్నాడు. ఆ పొద్దంతా నేను ఉప్పునీళ్లు ఒక చెంబు తియ్యడం, మంచినీళ్లు ఒక చెంబు పొయ్యడం, ఆయన గొట్టాన్ని చూస్తూ "ఇంకొక చెంబు" అనడం. నారింజ చేపలు మాత్రం ఇవేమీ పట్టనట్టు కొట్లాడుకుంటూనే ఉన్నాయి. వాటికి పాకమైనా ఒకటే, పలచనైనా ఒకటే. అదే నీళ్లకు ఒకటి చావబోతుంది, ఒకటి గుర్తు కూడా పట్టదు. ఏది ఎవరికి మంచిదో ఎలా తెలుసుకోవాలో నాకు అర్థం కాలేదు.

ఆరోరోజు పొద్దున నేను తాళం తీసేసరికి తొట్టి నిండా దారం పోగులు తేలుతున్నాయి. దగ్గరికి పోయి చూస్తే ఒక్కొక్కటీ గుర్రమే. వెంట్రుకంత సన్నం, కనురెప్పంత పొడుగు, చిన్న తోక, చిన్న మూతి. వందకు పైనే ఉన్నాయి. కనినవాడు పొట్ట ఖాళీ అయి కొమ్మను పట్టుకొని వేలాడుతున్నాడు. నేను చూస్తుండగానే మోటరు వాటిని గుంజుకుంటున్నది. మోటరు నోటి దగ్గర జాలికి పదిహేనో ఇరవయ్యో అంటుకొని కనిపించాయి. ఉరికి స్విచ్ ఆపాను. గంట గడిచేసరికి నీలం చేప పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నది. మోటరు వేస్తే పిల్లలు పోతాయి, ఆపితే నీలం చేప పోతుంది. నేను స్విచ్ దగ్గర నిలబడి వేశాను, ఆపాను, వేశాను. ఎన్నిసార్లో.

పోశెట్టి వచ్చేసరికి ఏడుస్తున్నాను.

"ఏడ్సుడెందుకు. ఒక్కింట్ల పడకపోతే ఏం చేస్తరు? వేరు పడతరు" అన్నాడు. "వీళ్లకు వేరు కాపురం వెట్టియ్యి."

మిఠాయి దుకాణం నుంచి వెడల్పు గాజు సీసాలు రెండు అడుక్కొచ్చాడు. తొట్టి నీళ్లే నింపాం. పాత గాలి పైపు నోటికి దూది పెట్టి, ఒక్కొక్క బుడగ వచ్చేటట్టు కట్టాడు. గిన్నెతో పిల్లల్ని నీళ్లతో సహా తోడి ఒకదానిలో, తండ్రిని ఇంకొకదానిలో వేశాం. ఇటు మోటరు వేస్తే నీలం చేప మళ్లీ ఉరకడం మొదలుపెట్టింది. నాకు అంత సంతోషం అంతకుముందు ఎప్పుడు కలిగిందో గుర్తులేదు. ఎస్టీడీ బూత్‌కు పోయి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "ఎంతమంది?" అని ఆమె రెండుసార్లు అడిగింది. "వంద, అమ్మా." ఆమె అటువైపు నుంచి నవ్విన నవ్వుకు నా పని నిలిచింది అనుకున్నాను.

ఆ పిల్లలకు తిండి ఏమిటని అడగడం అప్పుడు తోచలేదు. దోమ పురుగు వాటికి మనిషి ముందర బర్రె. రెండో రోజుకు మూతులు కిందికి వాలిపోయాయి, కొన్ని అడుగుకు దిగాయి. సుజాత పుట్టినప్పుడు నాకు పాలు పడక అది బక్కచిక్కితే మా అత్త ఉడికిన గుడ్డు పచ్చసొన నీళ్లలో పిసికి, ఉగ్గుగిన్నెతో పోసి బతికించింది. అదొక్కటే నాకు తెలిసిన వైద్యం. ఆ మధ్యాహ్నం పోశెట్టి ముందరే అలాగే చేశాను. మల్లుబట్టలో వడగట్టి పోస్తే నీళ్లు పలచటి పాలలా అయ్యాయి. పిల్లలు ఆ నుసి చుట్టూ తిరుగుతుంటే తింటున్నాయనే అనుకున్నాం. పొద్దున వచ్చి మూత తీస్తే వాసన కొట్టింది. ఒక్కటీ కదలలేదు.

సీసా కడుగుదామంటే పోశెట్టి అడ్డుపడ్డాడు. కళ్లతో చూడకపోతే ఆమె నమ్మదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "గుడ్డు ముచ్చట చెప్పకు. మోటరు గుంజిందని చెప్పు. గుంజిందా లేదా?" అన్నాడు.

"గుంజింది."

"అబద్ధం గాదు గదా మరి."

"మిగిలినయి?"

"మిగిలినయి ఎందుకు సచ్చినయో నీకు తెలుసా, నాకు తెలుసా? తిండి లేక సచ్చినయో, మోటరు దెబ్బకు నలిగి సచ్చినయో. తెలవని దాన్ని నెత్తిన ఎందుకు వెట్టుకుంటవ్?"

నాకు నిజంగానే తెలియదు. తెలియదన్న మాటను పట్టుకొని నేను దాక్కున్నాను. డాక్టరమ్మ వచ్చేలోపే, మోటరు తిరిగే తొట్టిలో మిగిలిన ఆడ గుర్రం చేప కూడా పోయింది. ఆమె వచ్చి సీసా వైపు చూసి కూర్చుండిపోయింది. మోటరు గుంజిందమ్మా, ఆ దెబ్బకు సీసాల వేసినా బతకలేదు అన్నాను. ఉప్పునీళ్ల తప్పు కూడా చెప్పాను. ఒక తప్పు చెప్తే రెండోది అడగరని నాకు ఎవరు నేర్పారో. ఆమె సలీంకు ఫోన్ చేసి నా ముందరే తిట్టింది. గుర్రం చేపలున్న తొట్టికి అలాంటి మెషిన్ ఎలా పెట్టావు, వచ్చి తీసుకుపో, ఇక నువ్వేమీ తేవద్దు అన్నది. ఫోన్ పెట్టి నావైపు తిరిగి, "తండ్రిని వేరు చేయాలని నీకు తట్టింది కాబట్టి ఒక్కటైనా మిగిలింది. నువ్వే ఉండు లక్ష్మీ. చదువు మెల్లగా నేర్చుకుందువుగాని" అన్నది. ఆ మాటతో మా ముగ్గురికి మళ్లీ అన్నం దొరికింది. చదువు మాత్రం ఆమె ఉన్నన్నాళ్లూ నేర్చుకోలేదు. హారిక పలక మీద, దాని వెంట కూర్చొని, ముసలితనంలో నేర్చుకున్నాను.

మెషిన్ పోయాక తొట్టి మళ్లీ పాత బుడగల మీద నడిచింది. నెల తిరగకముందే నీలం చేప ఒంటిమీద తెల్ల మచ్చలు లేచి, ఒక పక్కకు ఒరిగి చచ్చిపోయింది. దానికి ఆ మెషిన్ మంచి చేసిందని నాకు తెలుసు. పగలంతా దాన్ని చూసినదాన్ని నేనే. తండ్రి గుర్రం చేప మాత్రం తన వేరు సీసాలో, ఒక్కొక్క బుడగ దగ్గర, చాలా రోజులు బతికింది. ఇప్పుడు ఎగ్జిబిషన్‌లో చూస్తే రెండూ సరైనవే. ఉరుకుడు నీళ్లూ సరైనవే, నిలకడ నీళ్లూ సరైనవే, ఎవరి తొట్టి వాళ్లకు ఉండాలి, అంతే. అది ఆనాడు సలీంకు కూడా పూర్తిగా తెలియదేమో. తెలిసినా, ఒక్క హాల్లో రెండు తొట్లు ఎవరు పెట్టిస్తారు? ఆ మెషిన్ అక్కడ పెట్టడం తప్పా, పెట్టినదాన్ని తీసేయించడం తప్పా, నేను ఎటు ఆలోచించినా మధ్యలో దారి తప్పుతాను.

సలీం మెషిన్ తీసుకుపోవడానికి వచ్చిన రోజు డాక్టరమ్మ గదిలోంచి బయటికి రాలేదు. అతను పైపులు ఊడదీసి, నీళ్లు వంచి, అన్నీ అట్టపెట్టెలో సర్దాడు. పిల్లల సీసా ఇంకా కిటికీలోనే ఉంది. కడిగినా ఆ వాసన పోలేదు. అతను దాన్ని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకొని, మళ్లీ అక్కడే పెట్టాడు.

"అండా ఏసినవా అక్కా, గుడ్డు?" అన్నాడు మెల్లగా.

నేను తల ఊపాను. లోపల గదిలో డాక్టరమ్మ ఎవరితోనో మాట్లాడుతున్నది వినబడుతున్నది. తలుపు తెరిచే ఉంది. అతను ఒక్క మాట గట్టిగా అంటే చాలు. నేను చీపురు పట్టుకొని గోడకు ఆనుకున్నాను. అతను తలుపు వైపు చూశాడు, నావైపు చూశాడు, వంగి పెట్టెకు తాడు కట్టాడు.

బయట ఆటో నిలబడి ఉంది. పెట్టె బరువుగా ఉంటే రెండో కొస నేను పట్టుకున్నాను. పెట్టెను ఆటోలో పెట్టి, అతను చేతులు దులుపుకొని అడిగాడు.

"మీ ఇంట్ల ఎంతమందక్కా?"

"ముగ్గురం."

అతను ఆటోలో ఎక్కి కూర్చున్నాడు.

"మా ఇంట్ల తొమ్మిదిమంది" అన్నాడు.

ఆటో కదిలింది. ఆ మాట నన్ను మన్నించి అన్నాడో, జీవితాంతం గుర్తుంచుకొమ్మని అన్నాడో, ఊరికే అడిగినదానికి బదులు చెప్పుకున్నాడో నాకు తెలియదు. అతను మళ్లీ ఖలీల్‌వాడికి రాలేదు.